రెండు కొసలూ ఒకే డబ్బాలో

మిరియం చేతిలోంచి రబ్బరు జారి, దొర్లుకుంటూ వెళ్లి గోడవార టేబుల్ కింద దూరింది. దాని వెనకాలే మిరియమూ దూరింది.

మిరియం అంటే ఆ పిల్ల ముద్దుపేరు. గింజంత ఉండి ఘాటుగా మాట్లాడుతుందని అమ్మమ్మ అలా పిలిచింది. అప్పటి నుంచి ఇంటా బయటా అదే పేరు. చదివేది నాలుగో తరగతి. బడి మూడింటికి వదిలేస్తారు. ఆ వేళప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి, అమ్మ పని అయ్యేదాకా అమ్మ ఆఫీసులోనే కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది.

అది ఇళ్లకూ భవనాలకూ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది, అయిదు కంప్యూటర్లు, ఒక మూల మంచమంత ప్రింటరు. మూడు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. మధ్యాహ్నమే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది.

మిరియాన్ని అక్కడ కూర్చోనివ్వడానికి ఆ ఆఫీసు నడిపే ఇంజినీరు గారు ఒకే ఒక్క షరతు పెట్టారు.

"పిల్ల ఉంటే ఉండనీ అమ్మా. కానీ ఇక్కడ ఏదీ ముట్టుకోకూడదు. ముట్టుకుందో, మర్నాటి నుంచి తీసుకురావద్దు."

అమ్మ సరేనంది. మిరియం కూడా బుద్ధిగా తలూపింది. తలూపడానికేం, ఎన్నిసార్లయినా ఊపొచ్చు.

టేబుల్ కింద రబ్బరు దొరికింది. దాని పక్కనే ఒక నీలం కేబుల్ కొస నేల మీద పడి ఉంది. ఆ టేబుల్ మీది కంప్యూటరు రిపేరుకు వెళ్లింది. దాని కేబులే ఇది. రెండో కొస ఎక్కడుందో ఆ వైర్ల గుత్తిలో కనిపించలేదు.

గోడకు బిగించిన చిన్న అరలో ఒక నల్ల డబ్బా ఉంది. దాని మీద చిన్న చిన్న ఆకుపచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. కంప్యూటర్లనూ ప్రింటరునూ ఒకదానితో ఒకటి కలిపే డబ్బా అది. దాన్ని నెట్‌వర్క్ స్విచ్ అంటారు. పాతది పాడైతే, ఆ రోజు పొద్దునే వైర్ల పనిచేసే అమ్మాయి, మిరియం మాటల్లో వైర్లక్క, వచ్చి ఈ కొత్తది పెట్టి వెళ్లింది. డబ్బాకు వరసగా ఎనిమిది కన్నాలున్నాయి. ఏడింటిలో కేబుళ్లు ఉన్నాయి. చివరిది ఖాళీ.

'అయ్యో, ఇది అందులోంచే ఊడిపడింది కాబోలు' అనుకుంది మిరియం.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అనలేదు. మిరియం ఆ కొస తీసుకుని ఖాళీ కన్నంలో నొక్కింది. టిక్కుమని అతుక్కుంది. ఒక మంచి పని చేసినట్టే అనిపించింది.

ఒకటి రెండు సెకన్లు ఏమీ కాలేదు. తర్వాత డబ్బా మీది లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"అరె, ఫైలు తెరుచుకోవడం లేదే" అన్నారు పైన ఎవరో.

"నాకూ అంతే. నెట్ కూడా పోయింది" అంది అమ్మ గొంతు.

మిరియం గబగబా కేబుల్ పట్టుకుని లాగింది. రాలేదు. ఆ కొసకు నాలుకలాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని నొక్కితేనే ఊడుతుంది. మిరియానికి ఆ సంగతి తెలియదు. ఇంకాస్త గట్టిగా లాగితే విరుగుతుందేమోనని వదిలేసింది. పాక్కుంటూ బయటికి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, లెక్కల పుస్తకం తెరిచింది. తను వెళ్లడం గానీ రావడం గానీ ఎవరూ చూడలేదు.

ఆ రోజు ఆఫీసుకు మామూలు రోజు కాదు. కొత్తగా కట్టబోయే ఒక బడికి వాళ్లు మూడు నెలలుగా ప్లాను గీస్తున్నారు. దాన్ని ఆరు పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి, సాయంత్రం అయిదులోపు రెండు వీధుల అవతల ఉన్న ప్రభుత్వ కార్యాలయంలో ఇవ్వాలి. గడువుకు అదే ఆఖరి రోజు. అయిదు దాటితే తీసుకోరు. అంత పెద్ద కాగితం ఈ ప్రింటరులోనే పడుతుంది. ప్రింటరు కదలాలంటే ఆ నల్ల డబ్బా పనిచేయాలి.

"ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. వెంటనే రమ్మనండి" అన్నారు ఇంజినీరు గారు గడియారం చూస్తూ.

పావుగంటలో వైర్లక్క వచ్చింది. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. భుజాన ఎప్పుడూ వేలాడే కేబుల్ చుట్టను మాత్రం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుంది. చాలాకాలం ఒకరి కింద పనిచేసి, ఆమె ఈమధ్యే సొంతంగా పని మొదలుపెట్టింది. సొంతంగా ఒప్పుకున్న మొదటి ఆఫీసు ఇదే.

రాగానే దేన్నీ ముట్టుకోలేదు. ముందు డబ్బా ఎదుట గొంతుకూర్చుని లైట్లు చూసింది. తర్వాత తన ల్యాప్‌టాప్‌ను, బయటి నుంచి నెట్ వచ్చే మోడెముకు నేరుగా కలిపింది.

"బయటి నుంచి బాగానే వస్తోంది సార్. తేడా లోపలే ఎక్కడో ఉంది."

డబ్బాను ఆపి మళ్లీ వేసింది. రెండు గుక్కల సేపు అంతా పనిచేసింది. "వచ్చింది, వచ్చింది" అంది అమ్మ. ఆ మాట పూర్తయ్యేలోపే మళ్లీ పోయింది.

వైర్లక్క లేచి నిలబడి అందరి వైపూ చూసింది.

"నేను పొద్దున వెళ్లాక దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అండీ? తప్పు పట్టడానికి కాదు. తెలిస్తే పని తొందరగా తెములుతుంది."

"ఎవరు ముట్టుకుంటారు? మా పనులు మాకే సరిపోతున్నాయి" అన్నారు ఇంజినీరు గారు.

అమ్మ లేదంది. మిగతా ఇద్దరూ లేదన్నారు. వైర్లక్క చూపు చివరికి మిరియం మీద ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని, మిరియం చేతులు రెండూ ఒళ్లో దాచుకుని లెక్కల పుస్తకంలోకి వంగింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. షరతు గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

వైర్లక్క ఒక్కో కేబులూ తీసి, దాని రెండు చివరలా టెస్టరు పెట్టి, బాగుందనుకున్నాక మళ్లీ పెట్టడం మొదలుపెట్టింది. మొదటిది బాగుంది. రెండోదీ బాగుంది. ఇంజినీరు గారు ఆమె వెనకే నిలబడి నిమిషానికోసారి టైము చెబుతున్నారు. నాలుగుంపావు. నాలుగూ ఇరవై. నాలుగున్నర. ఆమె వేళ్లు తడబడ్డాయి. ఒక కేబుల్ కిందపడితే వెతుక్కోవాల్సి వచ్చింది. ఎక్కడ చూడాలో తెలిసిన పిల్ల అదే గదిలో, మూడు అడుగుల దూరంలో కూర్చుని ఉంది.

ఆఖరికి నీలం కేబుల్ వంతు వచ్చింది. వైర్లక్క దాన్ని పట్టుకుని, దాని వెంటే వేళ్లు జరుపుకుంటూ వెళ్లింది. గుత్తిలోకి దూరి, వంక తిరిగి, ఆ వేళ్లు మళ్లీ అదే డబ్బా దగ్గరికి వచ్చి ఆగాయి.

"సార్" అంది నెమ్మదిగా. "దీని రెండు కొసలూ ఒకే డబ్బాలో ఉన్నాయి."

"ఉంటే ఏమవుతుంది?"

"డబ్బా చెప్పిన మాట ఈ వైరులోంచి తిరిగి డబ్బాకే వస్తుంది. అదేదో కొత్త మాటనుకుని మళ్లీ చెబుతుంది. మళ్లీ వస్తుంది. తన గోల తనదే. ఇంక మీ కంప్యూటర్ల మాట వినడానికి దానికి ఖాళీ ఎక్కడిది?"

ఒక కొస నొక్కి లాగింది. లైట్లు కుదుటపడ్డాయి. మూల ఉన్న ప్రింటరు మూలుగుతూ కదిలింది. అప్పటికి నాలుగూ నలభై రెండు.

ఒక్కో కాగితానికీ అయిదు నిమిషాలు పడుతుంది. ఆరు కాగితాలు. మిరియం పుస్తకం మూలన ఆ లెక్క చేసి, జవాబు చూసి, రబ్బరుతో చెరిపేసింది.

"ఇంతకీ అలా పెట్టింది ఎవరు?" అన్నారు ఇంజినీరు గారు.

"ఈ చివరి కన్నం ఖాళీగా వదిలినట్టే గుర్తు సార్."

"గుర్తేమిటి? పొద్దున ఇక్కడ చేయి పెట్టింది నువ్వొక్కదానివే కదా."

వైర్లక్క తన చేతుల వైపు చూసుకుంది. ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూసి, తెచ్చుకోలేక, తల దించుకుంది.

"తొందరలో నేనే పెట్టేశానేమో సార్."

చివరి కాగితం చేతికొచ్చేసరికి అయిదూ పన్నెండు. అయినా ఇంజినీరు గారు కాగితాలు చుట్టి, వానలో పరుగెత్తారు. ఇరవై నిమిషాల తర్వాత అదే చుట్టతో తిరిగి వచ్చారు. ఆయన అరవలేదు కూడా. చుట్టను టేబుల్ మీద పెట్టి, తడిసిన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"తీసుకోలేదు. మూడు నెలల పని" అన్నారు. తర్వాత వైర్లక్క వైపు తిరగకుండానే, "ఇకమీదట నువ్వు రావద్దమ్మాయ్" అన్నారు.

వైర్లక్క సామాన్లు సంచిలో సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ మిరియం కుర్చీ దగ్గర ఆగి, "భయపడ్డావా? నీమీద కాదులే ఆయన కోపం" అని తల నిమిరింది. మిరియానికి ఆ క్షణాన నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం అమ్మా మిరియమూ వానలోనే ఇంటికి నడిచారు. ఒకే గొడుగు కింద ఇద్దరూ సగం సగం తడిశారు.

"ఆ అమ్మాయి అజాగ్రత్త మనిషిలా కనిపించలేదు. మరి ఇంకెవరు పెడతారు?" అంది అమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు.

అమ్మ తననే అడుగుతుందేమోనని మిరియం భయపడింది. అడగలేదు. అప్పుడు ఇంకా భయమేసింది. అడిగి ఉంటే చెప్పేసేదాన్నని తనకు తనే చెప్పుకుంది గానీ, అది నిజం కాదని తనకూ తెలుసు.

రెండు రోజులు గడిచాయి. ముసురు తగ్గలేదు. మూడో రోజు సాయంత్రం కింద అంతస్తులో ఉండే పళ్ల డాక్టరు గారు మెట్లెక్కి వచ్చారు.

"మా క్లినిక్‌లో నెట్‌వర్క్ పని ఉందండీ. మొన్న మీ దగ్గరకొచ్చిన అమ్మాయిని రమ్మందామనుకుంటున్నాను. పని ఎలా చేస్తుంది?"

ఇంజినీరు గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"పిలవకండి. తన వైరు తనే తప్పుగా పెట్టింది, పెట్టినట్టు కూడా గుర్తులేదంది. మా మూడు నెలల పని పోయింది."

మిరియం లేచి నిలబడింది. నోరు తెరిచింది. నాలుక తిరగలేదు. డాక్టరు గారు "అవునా, మంచిమాట చెప్పారు" అని మెట్లు దిగారు. ఒక్కో మెట్టూ దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. కింద తలుపు మూసుకుంది. మిరియం ఇంకా నిలబడే ఉంది.

"ఏమైందే? కడుపునొప్పా?" అంది అమ్మ.

"ఆ వైరు నేనే పెట్టానమ్మా."

గొంతు పీలగానే వచ్చింది. అయినా గదిలో అందరికీ వినిపించింది. ఇంజినీరు గారు పెన్ను కింద పెట్టారు.

"రబ్బరు కోసం కిందకి వెళ్లాను. ఊడిపోయిందనుకుని పెట్టాను. మళ్లీ తీద్దామంటే రాలేదు."

"ఆ అమ్మాయి అడిగినప్పుడు ఇక్కడే ఉన్నావు కదా. ఎందుకు చెప్పలేదు?" అన్నారు ఇంజినీరు గారు.

"చెబితే మీరు నన్ను ఇక్కడ కూర్చోనివ్వరని."

అమ్మ మొహం పాలిపోయింది. కొట్టలేదు, తిట్టలేదు. ఆ రెంటిలో ఏదైనా చేస్తే బాగుండుననుకుంది మిరియం.

ఇంజినీరు గారు ముందు కింద క్లినిక్‌కు ఫోన్ చేశారు. ఇటు నుంచి ఆయన మాటలే వినిపించాయి. "అవునండీ, పొరపాటు నాదే… ఓహో, అప్పుడే వేరేవాళ్లకు మాట ఇచ్చేశారా… సరేనండీ." ఫోన్ పెట్టేసి, వైర్లక్కకు చేశారు. ఆమె తీయలేదు.

"నేను అన్న మాటలకు తీయాలని కూడా ఉండదు" అన్నారు. తర్వాత అమ్మతో, "షరతు షరతేనమ్మా. రేపటి నుంచి పాపకు వేరే ఏర్పాటు చూసుకోండి" అన్నారు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"సరే సార్. ఒక అరగంట ముందు వెళ్తాం. ఆ అమ్మాయికి ఇది పిల్లే చెప్పాలి" అంది అమ్మ.

వైర్లక్క దుకాణం అంటే సొంత దుకాణం కాదు. ఫోన్లు బాగుచేసే ఒక కొట్టులో వెనక సగం. పైన రేకు మీద వాన చప్పుడు చేస్తోంది. ఆమె ఒక్కతే బల్ల ముందు కూర్చుని కొత్త కేబుల్‌కు కొసలు బిగిస్తోంది. అమ్మనూ మిరియాన్నీ చూసి, ఆశ్చర్యపోయి, స్టూలు జరిపింది.

బిగించిన కేబుల్‌ను టెస్టరుకు పెట్టింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ వెలిగాయి. మూడోసారి కూడా పెట్టింది.

"బాగానే ఉంది కదక్కా" అంది మిరియం.

"బాగానే ఉంది. అయినా చూసుకుంటున్నా. నిన్న ఒక ఇంటికెళ్లి పని చేసి, సగం దారిలో అనుమానమొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లా. ఈమధ్య నా చేతుల మీద నాకే నమ్మకం లేదులే."

నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు. మిరియం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మ వైపు చూసింది. అమ్మ సాయం చేయలేదు.

"నీ చేతులు కాదక్కా. నేనే పెట్టాను. నువ్వు వెళ్లాక నేనే పెట్టాను."

వైర్లక్క చేతిలోని కేబుల్ బల్ల మీద పెట్టింది.

"ఏ కన్నంలో?"

"చివరిదాంట్లో. అది ఖాళీగానే ఉంది. నువ్వు సరిగ్గానే వదిలావు."

వైర్లక్క మొహం ముందు తేలికపడింది. ఆ తర్వాత ఎర్రబడింది. రేకు మీద వాన ఒక్కసారి జోరందుకుని, మళ్లీ తగ్గింది.

"నాకు కోపంగా ఉంది" అంది చివరికి. "వైరు పెట్టినందుకు కాదు. తెలియక ఎవరైనా పెడతారు. నేనూ చిన్నప్పుడు పెట్టాను. అడిగినప్పుడు చెప్పుంటే రెండు నిమిషాల్లో తీసేసేదాన్ని. కాగితాలు కూడా టైముకి అందేవి. నేను అడుగుతుంటే నువ్వు పుస్తకంలోకి తల వంచేశావు చూడు, దానికి."

"అవునక్కా."

"ఇంజినీరు గారికి తెలుసా?"

"చెప్పాను. డాక్టరు గారికి కూడా ఫోన్ చేశారు. కానీ ఆయన వేరేవాళ్లకు ఇచ్చేశారట."

డాక్టరు గారి పని సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఆ పని రాబోయిందనీ, పోయిందనీ ఒకేసారి తెలిసింది. కాసేపు బల్ల అంచు గీరుతూ కూర్చుంది.

తర్వాత సొరుగు లాగి ఒక అట్ట పుస్తకం తీసింది. తను చేసిన ప్రతి పనీ అందులో రాసుకుంటుంది. ఏ రోజు, ఎక్కడ, ఏం చెడింది, ఎందుకు చెడింది. మళ్లీ అలాంటిది వస్తే తిప్పి చూసుకోవడానికి. మూడు రోజుల కిందటి పేజీ తెరిచి మిరియం ముందు పెట్టింది. చివరి వరసలో "కారణం: నా అజాగ్రత్త" అని ఉంది. దాని కింద రెండు గీతలు.

"ఇది తప్పు రాశానన్నమాట. కొట్టేసి, ఏం జరిగిందో నువ్వే రాయి" అని పెన్ను ఇచ్చింది.

మిరియం ఆ వరసను జాగ్రత్తగా కొట్టేసింది. కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: "కారణం: మిరియం టేబుల్ కిందికి వెళ్లి, ఖాళీ కన్నంలో వైరు పెట్టింది."

పెన్ను అక్కడ ఆగింది. వైర్లక్క చదివి తలూపింది. ఆమె ఇంకేమీ అడగలేదు. అమ్మ గొడుగు చేతిలోకి తీసుకుంది. పుస్తకం మూసేసినా ఎవరూ ఏమీ అనేవారు కారు.

మిరియం మూయలేదు. మళ్లీ వంగి, ఇంకో వరస రాసింది.

"అక్క అడిగితే చెప్పలేదు."